అబద్ధమన్నవాడు పొట్టు ఎత్తాలి

నా రెండు చేతులూ మోచేతుల దాకా తాపీ నది నీళ్లలో ముంచి ఒట్టేసి చెప్తున్నాను, ఇందులో ప్రతి ముక్కా నిజం. ఒక్కటి అబద్ధమైనా నా నోట్లో టేకు రంపపు పొట్టు పడాలి, అది తడిసి ఉబ్బి గొంతు పూడాలి, నేను చెప్పకుండా మిగిలిన కథలన్నీ నా కడుపులోనే మురగాలి. నన్నెరిగినవాళ్లు ఈ ఒట్టు చూసి నవ్వుతారని తెలుసు. నవ్వనివ్వండి. నవ్వినవాళ్లకే ఈ కథ ఎక్కువ తగులుతుంది.

సూరత్‌లో మా తెలంగాణవాళ్లు చాలామంది మగ్గాల మీద బతుకుతారు. నాకు మగ్గాల షెడ్డు పడలేదు. అక్కడ చప్పుడుకు మనిషి మాట మనిషికి వినపడదు. మాట వినపడని చోట నాలాంటివాడు ఎట్లా బతుకుతాడు? అందుకని అమ్రోలి అవతల, నది ఒడ్డున ఉన్న కలప అడితిలో చేరాను. సోన్‌గఢ్ పైనున్న తాపీ లోయ నుంచి దుంగలు లారీల్లో దిగుతాయి. నేను దుంగ చుట్టూ టేపు పట్టి కొలిచి, ఎక్కడ కోయాలో సుద్దతో గీత గీసేవాణ్ని. చేతికి పని తక్కువ, నోటికి ఎక్కువ.

రంపం మిషను మీద అప్పుడొక ముసలి మేస్త్రి ఉండేవాడు. ఆ లోయలోనే పుట్టి, పడుచుతనమంతా గొడ్డలి పట్టి చెట్లు పడగొట్టినవాడు. కట్టెకొట్టేవాళ్ల కథలన్నీ మాకు ఆయన నోటి నుంచే వచ్చాయి. ఎగువన ఒక మహాకాయుడు ఉండేవాడట. వాడు గొడ్డలి ఎత్తితే పిట్టలు తమ పిల్లల్ని తీసుకుని పక్క చెట్టుకు కాపురం మార్చేవట. వాడు నరికిన దుంగ వరదలో తేలుతూ ముందు సూరత్ చేరేదట, నరికిన చప్పుడు తీరుబడిగా మరునాడు చేరేదట. ఎండాకాలం టేకు ఆకు రాలేది కూడా కాలధర్మం కాదు, వాడి తుమ్ము.

ఆ కథలతో పాటు మేస్త్రి ఒక కట్టుబాటు కూడా తెచ్చాడు. అడవిలో వాళ్ల గుంపు కథలు చెప్పుకునేటప్పుడు ఎవడైనా "అబద్ధం" అన్నాడంటే, వాడే లోయ దిగి గుంపంతటికీ నీళ్లు మోయాలట. మా అడితిలో నీళ్లకు కొళాయి ఉంది కాబట్టి శిక్ష మారింది. అబద్ధమన్నవాడు మిషను కింది గుంతలోకి దిగి పొట్టు ఎత్తి పోయాలి. టేకు పొట్టు మామూలుది కాదు. మెడలోకి దిగితే మంట, ముక్కులోకి పోతే తుమ్ములు, రాత్రి పక్క మీద కూడా దురద. అందుకని చాయ్ వేళ ఎంత పెద్ద కోత కోసినా ఎవడూ అబద్ధమనడు. "వాహ్! ఆ తర్వాత?" అంటాడు. అని, దాని మీద ఇంకా పెద్దది పేరుస్తాడు.

పేర్చడంలో నేను మేస్త్రిని మించిపోయాను. ఒక టేకు ఎంత లావుదంటే, రంపానికి ఇటు ఒక కుటుంబం, అటు ఒక కుటుంబం పట్టి కోశారు. ముసలివాళ్లు పోయారు, కొడుకులు పట్టారు, చివరికి రంపం అటు తేలేసరికి ఇటు పిల్లా అటు పిల్లాడూ మొహాలు చూసుకున్నారు. అక్కడే పెళ్లి, పొట్టే తలంబ్రాలు. ఇది నాది. కానీ నాకు అన్నిటికంటే పేరు తెచ్చింది టేకు కాలు కథ.

ఒకడి కాలు మీద చెట్టు పడి కాలు పోయింది. "నా కాలు తిన్నదానివి, నువ్వే నాకు కాలై పడుండు" అని వాడు అదే చెట్టుతో కాలు చేయించుకున్నాడు. పచ్చి కట్టె. తొలకరి పడగానే మోకాలి దగ్గర చిగురేసింది. వానలు ముదిరేసరికి ఒక్కో ఆకు విస్తరంత. పెళ్లాం పూటపూటకూ మొగుడి కాలి మీది ఆకు కోసి అందులోనే వాడికి అన్నం పెట్టేది. చివరికి అడవి గార్డు పట్టుకున్నాడు, టేకు రవాణాకు పర్మిట్ ఏదీ అని. జడ్జి తీర్పు చెప్పాడు, మనిషి విడుదల, కాలు జప్తు. వాడు కుంటుకుంటూ ఇంటికొచ్చాడు. కాలు మాత్రం గోదాములో హాయిగా పూత పూసింది.

ఈ కథకు అందరూ కడుపు పట్టుకుని నవ్వుతుంటే మేస్త్రి బీడీ ఆర్పి అన్నాడు, "ఆ కాలు తర్వాత నా దగ్గరికే వచ్చింది. నేనే కోశాను. పలకలు బాగా తేలాయి."

ఇట్లాంటి చోటికి మా బావను తీసుకొచ్చి దించాను.

బావ అంటే మా అక్క మొగుడు. ఖటోదరాలో ఏళ్లకేళ్లు మగ్గం నడిపినవాడు. ఆ షెడ్డువాళ్లు పాత మగ్గాలను తుక్కుకు అమ్మేసి కొత్తవి పెట్టుకున్నారు. పాత మగ్గాలతో పాటు పాత మనుషులనూ వదిలించుకున్నారు. అక్కా బావా మూటాముల్లే సర్దుకుని అమ్రోలిలో నా ఒంటిగది ఇంటికి వచ్చి పడ్డారు. ఒక గది, ఒక పొయ్యి, ఇద్దరు ఆడవాళ్లు. నా భార్య నోరు మంచిది కాదు, నాకంటే మంచిది కాదు. అక్క చారులో ఉప్పేస్తే ఇది మూత తీసి చూసి, "మా ఇంట్ల ఇంతుప్పు తినం వదినె, మేం పనిచేసి తినేటోళ్లం" అనేది. అక్క మూత పెట్టేసి పొయ్యి దగ్గర నుంచి జరిగేది. ఒకరోజు మాత్రం నన్ను వాకిట్లో పట్టుకుని, "నాకేం వద్దు తమ్మీ. వేరే పొయ్యి ఒక్కటి జేయి" అంది.

అక్క అడిగిన పొయ్యికి దారి అడితిలోనే ఉంది. మేస్త్రి ముసలివాడయ్యాడు, హోలీకి ఊరికి పోతే మళ్లీ రానన్నాడు. రంపం మీద కూర్చునే మేస్త్రికి అడితి సేటు గేటు పక్క గది ఇస్తాడు. గదికి వేరే వంటగట్టు కూడా ఉంది. కాబట్టి బావకు ఆ పీట దక్కితే అక్కకు పొయ్యి దక్కినట్టే. సేటు నా మాట మీద ఒప్పుకున్నాడు. ముసలాయన దగ్గర పని నేర్చుకోమన్నాడు, ఆయన పోయాక కొన్నాళ్లు చూసి, చెయ్యి తిరిగితే తాళంచెవి ఇస్తానన్నాడు. ఆ తాళంచెవి సేటు వేలికే ఉండేది, ఎప్పుడూ గిరగిరా తిప్పుతూ.

బావ పనిమంతుడు. దారం ముడిని కళ్లు మూసుకుని విప్పే చెయ్యి అది, రంపానికి అలవాటు పడడానికి ఎక్కువకాలం పట్టలేదు. పట్టుబడనిది చాయ్ వేళ ఒక్కటే. ఆయనకు కథ తెలియదు. మొదటిరోజు నేను రంపం మీద పెళ్లి కథ చెప్తే, బుద్ధిగా విని, "నిజంగనా?" అన్నాడు.

అడితి అడితంతా విరగబడి నవ్వింది. "నిజంగనా" అంటే అనుమానించినట్టే, అబద్ధమన్నట్టే. తట్ట చేతికిచ్చి గుంతలోకి దించాం. మరునాడు మహాకాయుడి తుమ్ము కథకు, "మరి మిగిలిన చెట్ల ఆకు ఎందుకు రాలలే?" అన్నాడు. మళ్లీ గుంత. ఆ మరునాడు ఏమీ అనకుండా కూర్చున్నాడు. "మొహం జూడుండ్రి, అబద్ధమనుకుంటున్నడు" అని హమాలీలు మొహానికే శిక్ష వేశారు. బావ ఒళ్లంతా దద్దుర్లు. రాత్రిళ్లు అక్క కొబ్బరినూనె రాస్తుంటే, మధ్యలో కట్టిన చీర తెర అవతల నుంచి ఆయన మూలుగు వినపడేది. నా భార్య ఇటు తిరిగి, "నీ బావ గోక్కునుడుకు నాకు నిద్ర లేదు" అనేది. నేను నవ్వు ఆపుకునేవాణ్ని.

చివరికి బావ నేర్చుకున్నాడు. ఎవరేం చెప్పినా చాయ్ గ్లాసులోకి చూస్తూ, "వాహ్. ఆ తర్వాత?" అనడం. రుచీ పచీ లేకుండా, హాజరు పలికినట్టు. కానీ అనేవాడు. పొట్టు తప్పింది.

మేస్త్రి పోయేముందు బావకు ఒక సంగతి పదేపదే చెప్పిపోయాడు. పచ్చగా ఉన్నప్పుడు చెట్టుకు కొట్టిన మేకును చెట్టు మింగేస్తుంది. బయటికి ఏమీ కనపడదు. కానీ ఇనుము చుట్టూ కట్టె నల్లబడుతుంది, కోసిన మొహం మీద మరక తేలుతుంది. అట్లాంటి దుంగ రంపం మీదికి ఎక్కించకు, పక్కకు దొర్లించు, రంపం పట్టీ తెగి ఎగిరిందంటే దానికి మనిషీ మానూ తేడా లేదు. ఆయన చెప్పిన సంగతుల్లో ఇదొక్కటే నవ్వకుండా చెప్పాడు. అందుకేనేమో మాకు అది గుర్తులేదు.

మాకు గుర్తున్నది మేకు గురించి ఆయన చెప్పిన ఇంకో కథ. ఎగువ ఊళ్లలో దయ్యం పట్టినవాళ్లకు మంత్రగాడు వచ్చి, దయ్యాన్ని జుట్టు ముడిలోకి పిలిచి, ఆ జుట్టు కత్తిరించి చెట్టుకు పెట్టి మేకు దిగ్గొడతాడట. ఇక దయ్యం ఆ చెట్టుకే బందీ. మేస్త్రి వెళ్లిపోయాక ఒక రోజు చాయ్ వేళ నేను దాని మీద అంతస్తు కట్టాను. అట్లాంటి దుంగ ఒకటి తెలియక ఒక ఇంటికి మంచమైంది. కోతలో మేకు ఊడింది, దయ్యం బయటపడింది, పోయి ఆ ఇంటి అత్తకు పట్టింది. కానీ ఆమెలో ఇంట్లోవాళ్లకు ఏ మార్పూ కనపడలేదు. అంతకుముందు ఎట్లా ఉందో అట్లాగే ఉంది. ఎవరూ వైద్యం చేయించలేదు. విసుగెత్తి దయ్యమే పారిపోయింది.

"వాహ్! ఆ తర్వాత?" అన్నారందరూ.

అప్పుడు బావ గ్లాసు కింద పెట్టాడు. "ఇయ్యాల వచ్చిన పెద్ద దుంగల మేకున్నది" అన్నాడు.

మా బావ, పలకని బావ, కథ ఎత్తుకున్నాడు! హమాలీ ఒకడు ఈల వేశాడు. "వాహ్ బావా వాహ్! ఆ తర్వాత?"

"ఆ తర్వాతేంది? మేకున్నది. మొహం మీద నల్ల మరకున్నది, అల్లనేరేడు పండు చిదిమినట్టు. అది అడవి చెట్టు గాదు, ఎవరిదో ఇంటెన్కది."

"దయ్యం ఆడదా మొగదా?"

"నేను కథ చెప్తలేను."

"కథ అని ఎవడన్నడు? ఇక్కడ ఎవడన్నా అబద్ధమన్నడా? అంటే చెప్పు, తట్ట ఇద్దాం."

"మేకు జానెడా, మూరెడా?"

"మూరెడేంది, గునపమంత! దాన్ని కొట్టనీకి మన మహాకాయుడే వచ్చిండు!" అని ఇంకో హమాలీ అందుకున్నాడు.

బావ నావైపు తిరిగాడు. "బామ్మర్దీ, నువ్వన్నా చెప్పు. కొలిచింది నువ్వే గదా. మరక చూడలే?"

చూశాను. దుంగ మొహం మీద గీత గీసింది నేనే. టేకుకు నల్లచారలు మామూలే అనుకుని మరక మీది నుంచే సుద్ద లాగాను. కానీ అప్పుడు పదిమంది నా నోటివైపు చూస్తున్నారు. పదిమంది చూస్తుంటే నా నోట్లోంచి చప్పటి మాట ఏనాడూ రాలేదు.

"చూసిన బావా," అన్నాను. "చెవి పెట్టి ఇన్న గూడ. లోపల దయ్యం ఏడుస్తున్నది. ఖటోదరాల మగ్గం పోయిందట పాపం, బామ్మర్ది ఇంట్ల పడి తింటున్నదట."

నవ్వులకు చాయ్ బండివాడు కూడా పొయ్యి వదిలి వచ్చాడు. ఆ నవ్వులకే సేటు కూడా వచ్చాడు. సంగతి ఎవరో చెప్పారు. తలుపుచట్రాలు సాయంత్రానికి పంపాలి, ఉన్న దుంగల్లో ఆ కొలతకు సరిపోయేది అదొక్కటే. సేటు తాళంచెవి వేలికి తిప్పుతూ, "డర్ లాగే ఛే?" అన్నాడు. భయమేస్తోందా అని. కోపంగా కూడా కాదు, గుర్రం పళ్లు చూసేవాడిలాగా అడిగాడు.

బావ తాళంచెవి వైపు చూశాడు. లేదని తల అడ్డంగా ఊపాడు.

"భయపడకు బావా," అని వెనక నుంచి నేను అందుకున్నాను. "చెయ్యి పోతే టేకు చెయ్యి పెట్టిస్త. తొలకరికి చిగురేస్తది. అక్కకు విస్తర్లు కొనే బాధ తప్పుతది."

అందరికంటే ఎక్కువ బావే నవ్వాడు. ఆయన నవ్వడం నేను అడితిలో చూసింది అప్పుడే. నవ్వుకుంటూనే పోయి మిషను ఆన్ చేశాడు.

సగం దాకా బాగానే కోసింది. తర్వాత ఒక కీచు. నిప్పురవ్వలు. పట్టీ తెగి చెర్నాకోలలా గాల్లో మెలికలు తిరిగి మళ్లీ కింద పడింది. అంతే. బావ తన కుడిచెయ్యి ఎక్కడిదాకా ఉందో పోల్చుకుంటున్నవాడిలాగా చూసుకున్నాడు. చెయ్యి పొట్టు గుంతలో పడింది. హమాలీ ఒకడు తట్ట తీసుకుని దిగాడు.

మేకు దొరికింది. చిటికెనవేలంత ఉంది. చుట్టూ జుట్టు లేదు, మంత్రం లేదు. ఏ ఇల్లాలో బట్టలు ఆరేసుకునే తాడు కోసం కొట్టుకున్న మేకు.

ఆస్పత్రి వరండాలో అక్క నన్ను పట్టుకుని, "ఏమైంది తమ్మీ? నువ్వాడనే ఉన్నవ్ గదా?" అని ఏడ్చింది. నేను జరిగింది చెప్పడం మొదలుపెట్టాను. కానీ చెప్పడం మొదలుపెడితే నా నోరు ఊరికే ఉండదు, దాని జాతి అది. "ఆగు బావా, ఆగు అని మొత్తుకున్ననే అక్కా. ఇనలే," అన్నాను. అక్క నా రెండు చేతులూ పట్టుకుని కళ్లకద్దుకుంది. "నువ్వన్నా ఉన్నవ్ మాకు," అంది. తలుపు తెరిచే ఉంది. లోపల మంచం మీద బావ మెలకువగానే ఉన్నాడు. మొహం గోడవైపు తిప్పుకున్నాడు.

పీట ఖాళీగా ఉంటే సేటుకు నష్టం. "గీత గీసేవాడికి గీత మీద కోయడం రాదా?" అని నన్నే కూర్చోబెట్టాడు. తాళంచెవి నా చేతికొచ్చింది. నా భార్య పసుపూ కుంకుమా పెట్టి గేటు పక్క గదిలో పాలు పొంగించింది. మేం ఖాళీ చేసిన ఒంటిగది అక్కా బావలకు మిగిలింది. పాత పొయ్యి కూడా అక్కడే వదిలేశాం. అట్లా అక్క కోరుకున్నది అక్కకు దక్కింది. వేరే పొయ్యి.

గాయం మానాక సేటు బావను గేటు దగ్గర స్టూలు మీద కూర్చోబెట్టాడు, వాచ్‌మన్‌గా. చాయ్ వేళ మామూలుగానే మా గుంపులోకి వచ్చేవాడు. ఆయన ఎదురుగానే ఆయన కథ పెరిగింది. మేకు మొదట జానెడైంది, తర్వాత మూరెడైంది. తెగిన పట్టీ నది దాటి అవతలి ఒడ్డున తాటిచెట్టు తల నరికింది. తెగిన చెయ్యి గుంతలోంచి వేలెత్తి సేటును చాయ్ అడిగింది. హమాలీలు తలా ఒక రాయి పేర్చారు. తొలకరి పడ్డప్పుడు ఒకడు బావ చొక్కా చెయ్యి ఎత్తి చూసి, "ఇంక మొలకెత్తలే, నీళ్లు పోయాలె" అన్నాడు.

ఒక రోజు నేను ఆ కథను మొదటి నుంచి చివరిదాకా కొత్తగా ఎత్తుకున్నాను. దుంగ దగ్గర అందరూ నవ్వుతుంటే నేనొక్కణ్నే లేచాను. గొంతు చిరిగేలా "ఆగు బావా!" అని అరిచాను. ఆ అరుపుకు నదిలో చేపలు ఒడ్డెక్కాయి. చెప్తుంటే నాకే కళ్లు చెమర్చాయి.

బావ స్టూలు జరిపి లేచాడు. "అబద్ధం," అన్నాడు.

మెల్లగా అన్నాడు. అయినా అందరికీ వినపడింది. తర్వాత ఎవరూ చెప్పకుండానే గోడవారన ఉన్న తట్ట దగ్గరికి పోయాడు. ఒక అంచు ఎడమచేత్తో పట్టి, రెండో అంచు మోచేతి మొండికి ఆనించుకుని, నిచ్చెన పట్టుకోకుండా గుంతలోకి దిగాడు. పొట్టు ఎత్తాడు. సగం దారిలో తట్ట ఒరిగి, పొట్టంతా ఆయన తల మీదే పడింది. మళ్లీ దిగాడు. కట్టుబాటు కట్టుబాటే కాబట్టి ఎవరూ సాయం పోలేదు. మా చాయ్‌లు చల్లారిపోయాయి. గుంత ఖాళీ అయ్యాక ఆయన తల విదిలించుకుని, గేటు దగ్గరికి పోయి, తన స్టూలు మీద తను కూర్చున్నాడు.

ఇక ఒట్టు సంగతి. రెండు చేతులూ నీళ్లలో ముంచాను కదా, ఒకటి బయటికి తీసుకుంటున్నాను. కుడిదే తీసుకుంటాను, బావకు లేనిది. కట్టెకొట్టేవాళ్ల కథలు నిజం, అంటే నిజంగా చెప్పుకునేవి. మరక నిజం. మేకు నిజం. నా నోరు నిజం. గది, తాళంచెవి, పాత పొయ్యి అన్నీ నిజం, కావలసినవాళ్లు వచ్చి చూసుకోవచ్చు. బావ లేచి అబద్ధమనడం, తట్ట ఎత్తడం, ఆ ముక్క ఒక్కటే నేను కల్పించాను. అట్లా జరిగి ఉంటే కథ బాగుండేదని పెట్టాను.

ఆయన లేవలేదు. నేను "ఆగు బావా!" అన్న చోట, ఎడమచేతిలో గ్లాసు కదలకుండా పట్టుకుని, నా మొహంలోకి చూస్తూ, అందరికంటే ముందు తనే అన్నాడు.

"వాహ్. ఆ తర్వాత?"